పొగ రాని కట్టెలు

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో బస్సు దిగి ఇంకో బస్సు కోసం చూస్తుంటే రోడ్డుకు అవతల కొత్త హోటల్ ఒకటి కనబడింది. "కట్టెల పొయ్యి వంట" అని పెద్ద బోర్డు, పక్కన మంట మండుతున్న పొయ్యి బొమ్మ. ఈమధ్య రోడ్డు పొడుగునా ఇవే బోర్డులు. కట్టెల పొయ్యి ముందు ఒక్క పూట కూడా కళ్లు నులుముకోనివాళ్లు ఆ పొగ వాసనకు మురిసిపోయి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆకలిగా ఉంది కనుక నేనూ వెళ్లాను. బల్ల దగ్గర కూర్చోవలసిన దాన్ని, ఎందుకో వెనకాల వంట షెడ్డు దగ్గరికి పోయాను. అక్కడ కట్టెలు కుప్పగా పోసి ఉన్నాయి. సగానికి సగం పచ్చివి, బెరడు కూడా వదలలేదు. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాను. తడిబట్ట మీద కొట్టినట్టు వచ్చింది చప్పుడు.

"ఏం చూస్తున్నరు మేడం గాడ?" అని వంటచేసే ఆమె అడిగింది.

"గివి ఎండలేదమ్మా. పొగ పెడ్తయి" అన్నాను.

"పొగ ఉంటెనే గద మేడం, మనుషులు మా హోటల్‌కొచ్చేది" అని ఆమె నవ్వింది.

నాకు చురుక్కుమంది. ఆమె తప్పేమీ లేదు, వ్యాపారం ఆమెది. కానీ పొగతో నాకు చిన్నప్పటి నుంచీ వైరం. అన్నం ముందు కూర్చున్నా మనసు అక్కడ లేదు. సిద్దిపేటలో మా పాత సందులోకి వెళ్లిపోయింది.

కోమటి చెరువుకు పోయే దారిలో ఉండేది ఆ సందు. మాది చిన్న పెంకుటిల్లు. ముందు వాకిలి, వాకిట్లో అరుగులాంటి ఒక గద్దె, వాకిలికి ఎడమ పక్కన విడిగా వంటగది. బాపు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోసేవాడు. నేను బడికి పోయేదాన్ని. అమ్మ వంటగదిలో దగ్గుతూ ఉండేది. ఆమె దగ్గుకు మేము ఎంత అలవాటు పడ్డామంటే, అది వినబడకపోతే ఇంట్లో లేదేమో అనుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం ఆ దగ్గు తగ్గలేదు. బాపు ఆమెను దవాఖానకు తిప్పాడు. తొలి వానలు పడుతున్నప్పుడు వేములఘాట్ నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి ఆమెను తల్లిగారింటికి తీసుకుపోయాడు. అమ్మకు వచ్చింది టీబీ. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. నాతో అమ్మ చెప్పింది వేరే మాట. మూట చంకన పెట్టుకుని వాకిలి అవతలే నిలబడి చెప్పింది.

"పొగ పడ్తలేదు బిడ్డ నాకు. పొగ లేని కాడ కొన్నొద్దులుండి వస్త."

"అమ్మమ్మ ఇంట్ల పొయ్యి లేదా?" అన్నాను. అప్పుడూ నాకు నోరు ఎక్కువే.

"ఉన్నది. నన్ను పొయ్యికి దూరంగ, గడ్డివాము కాడ గుడిసెల ఉండుమన్నరు."

నాకది సబబుగానే తోచింది. పొగ పడనివాళ్లు పొయ్యికి దూరంగా ఉండాలి కదా. పోయేటప్పుడు నన్ను దగ్గరికి తీసుకోలేదు, అది మాత్రం సబబుగా తోచలేదు.

మాకు వండిపెట్టడానికి మా మేనత్త వచ్చింది. ఆమె బాపుకు పెద్దక్క, భర్త పోయిన మనిషి, ముక్కు మీద కోపం. వచ్చీరాగానే అమ్మ పేర్చిపెట్టిన కట్టెలన్నీ కిందకు లాగి, "మీ అమ్మకు కట్టెలు కొనుడు తెల్వదు" అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ రోజు పొయ్యి మీద అన్నం కళ్లు మండకుండానే ఉడికింది. దాంతో నోరు మూసుకున్నాను.

పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు నెత్తిన కట్టెల మోపులతో సందులోకి వచ్చేవారు. అత్త పెళ్లిచూపులకు కూర్చున్న పెద్దమనిషిలా గద్దె మీద కూర్చునేది. మోపు దించగానే పైకట్టె ముట్టేది కాదు. నడిమి నుంచి ఒకటి లాగేది. గోటితో బెరడు గీకి చూసేది. నరికిన కొస తిప్పి పగుళ్లు పట్టాయో లేదో చూసేది. ఇంకో కట్టెతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నట్టుగా తల వంచి వినేది. ఎండిన కట్టె కంగుమంటుంది. చివరికి వాసన చూసేది. ఇంత జరిగాక కూడా నమ్మేది కాదు.

"మోపు విప్పు" అనేది.

"విప్పితె మల్ల ఎవరు గడ్తరమ్మా?" అని మోపు తెచ్చిన ఆమె.

"నేను గడ్త. విప్పు నువ్వు."

విప్పితే లోపల ఏదో ఒకటి దొరికేది. "మీద తుమ్మ, లోపట మోదుగ. నన్ను ఎడ్డిదనుకున్నవా?" అనేది అత్త. ఆ మోపు తెచ్చిన ఆమె నవ్వేసి, మోదుగ కట్టెలు పక్కకు తీసేసేది. పోట్లాట అయ్యాక ఇద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగి కాసేపు కష్టసుఖాలు చెప్పుకునేవారు.

అత్త దగ్గర ఏ వంటకు ఆ కట్టె ఉండేది. అన్నానికి తుమ్మ. జొన్నరొట్టెకు కంది కట్టె, ఎందుకంటే గుప్పున లేచి గుప్పున తగ్గాలి. పాలకు పిడక. సర్వపిండికి మంటతో పనే లేదు, చింత మొద్దు కాలి నిప్పులైతే ఆ నిప్పుల మీద గిన్నె పెట్టి మరిచిపోవాలి. నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ కలిపిన పిండి గిన్నెకు అంటుకుని మెల్లగా కాలుతుంటే ఆ వాసనకు సందు చివర కుక్క కూడా లేచి వచ్చేది. వేప కట్టె ఉంటే నీళ్లు కాగబెట్టడానికే. జమ్మి కట్టె మాత్రం గడప లోపలికి రానిచ్చేది కాదు, దసరాకు మొక్కే చెట్టును పొయ్యిలో పెడతామా అని.

అమ్మ లేని ఇల్లు అంటే ఏమిటో వానలు ముదిరాక తెలిసింది. బడి నుంచి వచ్చాక నాతో ఓనగుంటలు ఆడే పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. నేను వాళ్ల ఇంటికి పోతే వాళ్ల అమ్మలు పని ఉందని వాళ్లను లోపలికి పిలిచేసుకునేవారు. చింతగింజలు పోసుకుని రెండు వైపులా నేనే ఆడుకునేదాన్ని. ఓడేదీ నేనే, అలిగేదీ నేనే. గోడ అవతలి ఇంటి తురకామె, పిన్ని అన్నట్టుగా నేను ఖాలా అని పిలిచే ఆమె, ఒక్కతే నన్ను రమ్మనేది. ఆమె భర్త సైకిళ్లు బాగుచేసేవాడు. పిల్లలు లేరు. ఆమె నా నెత్తికి నూనె రాసి, ఖట్టీదాల్ అనే పుల్లటి పప్పుతో అన్నం పెట్టేది. మా ఇంటి గిన్నె ఆమె ఇంటికి పోయినా ఆమె జంకలేదు. అందుకు ఇప్పటికీ ఆమెను తలుచుకుంటాను.

అమ్మ చీర ఒకటి దండెం మీద ఉండిపోయింది. ఎవరూ లేనప్పుడు దాన్ని ముఖానికి అదుముకునేదాన్ని. పొగ వాసన వచ్చేది. అమ్మను ఇంట్లోంచి పంపించింది పొగే, అమ్మ వాసన కూడా పొగే. ఒకరోజు అత్త చూసి, చీర లాక్కుని ఉడుకునీళ్లలో వేసింది. ఆరాక అందులో సబ్బు వాసన తప్ప ఏమీ మిగలలేదు. ఆ పూట నేను అన్నం మీద అలిగాను. అత్త బతిమాలలేదు. పక్కన కూర్చుని తనూ తినలేదు.

ఆదివారాలు బాపు వేములఘాట్ పోయేవాడు.

"నేనొస్త బాపు" అనేదాన్ని.

"బస్సుల నీకు కడుపుల తిప్పుతది" అనేవాడు ఒకసారి. "బడున్నది గద" అనేవాడు ఇంకోసారి. ఆదివారం బడి ఏముంటుందో ఆయనకే తెలియాలి. నా ముఖం చూడకుండా చెప్పులు వేసుకునేవాడు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. అమ్మ రాకపోవడానికి కారణం పొగ అయితే, పొగ రాని కట్టెలు వెతికితే సరి. ఇంత చిన్న సంగతి పెద్దవాళ్లకు ఎందుకు తట్టలేదా అని జాలి కూడా కలిగింది.

కాలికి బలపం కట్టుకుని తిరిగాను. చెరువు కట్ట మీద ఎండిన కొమ్మలు ఏరాను. అత్త చేసినట్టే గీకి, కొట్టి, వాసన చూసి ఏరేదాన్ని. వానలో తడిసినవి తెచ్చి పొయ్యి పక్కన ఆరబెట్టేదాన్ని. తంగేడు పుల్లలు బాగా మండాయి గానీ నిమిషంలో బూడిదైపోయాయి. సీతాఫలం కట్టె చిటపటలాడింది. గింజలు ఒలిచిన మక్క బెండ్లు మొదట్లో ఆశ పెట్టి తర్వాత పొగ చిమ్మాయి. సందు చివరి ఇంటివాళ్ల దడి కట్టె బాగా ఎండిందని తెలిసి రోజూ కాస్త కదిపి కదిపి ఒకటి పీకేశాను. దడిలో పడిన ఆ కంతలోంచి వాళ్ల మేక బయటికొచ్చి ఎవరిదో కాకరపాదు మేసింది. ఊరంతా మేకను తిట్టింది. కట్టె మాత్రం చాలా మంచిది, పొగే రాలేదు.

"పోరి చదువు ఇడిచిపెట్టి కట్టెలు కొట్టబోతున్నట్టున్నది" అని అత్త బాపుతో అనేది. కానీ నేను తెచ్చినవాటిని పారేయలేదు. పొయ్యి వెనక గోడ పక్కన వాటికి వేరే జాగ ఇచ్చింది.

ఒక పొద్దున పొయ్యి నవ్వింది. మా దిక్కు అలాగే అంటారు. కట్టె పగులులోంచి గాలి, మంట కలిసి సన్నగా బుర్రుమని చిమ్ముతాయి, అది పొయ్యి నవ్వడం. నవ్విందంటే ఇంటికి ఎవరో వస్తారని నమ్మకం.

"నవ్వుతుంది సూడు. ఎవరొస్తరో ఏమో" అని అత్త ఇంకో సోలెడు బియ్యం ఎక్కువ పోసింది. ఆ మధ్యాహ్నమే మామ మక్క కంకుల సంచితో దిగాడు. అమ్మ కొంచెం అన్నం తింటున్నదని చెప్పాడు.

ఇంకేం కావాలి నాకు. మామ వచ్చాడంటే అమ్మ కూడా వస్తుంది. పొయ్యి నవ్వాలంతే. ఆ రోజు నుంచి నవ్వే కట్టె కోసం వెతుకులాట మొదలైంది. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, బాగా ఎండిన కట్టె నవ్వదు. సగం ఎండి, లోపల ఇంకా బంక ఉన్న తుమ్మ కట్టె నవ్వుతుంది. ఆ నవ్వే కట్టే పొగ కూడా పెడుతుంది. పొగ రాని కట్టె బుద్ధిగా మండుతుంది, ఎవరినీ పిలవదు. అమ్మను రప్పించే కట్టె అమ్మకు పడదు, అమ్మకు పడే కట్టె అమ్మను రప్పించదు. బడిలో లెక్కలు కూడా నన్ను అంత ఏడిపించలేదు.

ఖాలా దగ్గరికి పోయి చెప్పుకున్నాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"అట్లయితె బేటా, రెండు తీర్ల కట్టెలు పెట్టుకో" అన్నది చివరికి. "అమ్మ వచ్చెదాంక గవి కాలబెట్టు. వచ్చినంక గివి తియ్యి."

అలాగే చేశాను. రోజూ పచ్చి తుమ్మ ముక్క ఒకటి పొయ్యిలో దూర్చేదాన్ని. వంటగది పొగతో నిండిపోయేది. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ బయటికొచ్చి నన్ను తిట్టిపోసేది. ఒక సాయంత్రం ఆమె బాపుకు ఫిర్యాదు చేసింది. బాపు నన్ను పిలిచాడు.

"ఎందుకు పెడ్తున్నవ్ పచ్చి కట్టె?"

"పొయ్యి నవ్వాలె. నవ్వితె అమ్మ వస్తది" అన్నాను. "పొగ రాని కట్టెలు వేరే దాసిన. అమ్మ వచ్చినంక గవి పెడ్త."

బాపు కొడతాడేమో అనుకున్నాను. ఆయన లేచి వాకిట్లోకి పోయి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మర్నాడు గంజి నుంచి వస్తూ భుజం మీద ఒక విరిగిన ఎడ్లబండి కర్ర తెచ్చాడు. పాతది, ఏ కాలం నాటి తుమ్మనో, ఎండి ఎండి ఇనుములా మోగింది. గొడ్డలితో ముక్కలు కొట్టి, నేను దాచుకున్న కట్టెల పైన పేర్చాడు. "గివి పొగ పెట్టవు" అన్నాడు. అత్త కూడా ఆ ముక్కల జోలికి పోలేదు.

చలి తగ్గుముఖం పట్టినప్పుడు ఒక పొద్దున అమ్మ వచ్చింది. ఆ రోజు పొయ్యి నవ్విందో లేదో నాకు గుర్తులేదు. అత్త నాకు జడ వేసి వదిలింది, తల ఎత్తేసరికి వాకిట్లో మామ, ఆయన వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మ. సన్నబడింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నేను ఉరికాను. అత్త నా రెక్క పట్టుకుంది. ఆమె చేతిలో అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"గాడనే ఉండు బిడ్డ" అన్నది అమ్మ. "నీ గౌనుకు పొగ వాసనున్నది."

నేను నా గౌను వాసన చూసుకున్నాను. నిజమే. అత్త వదిలేసినా ఇక నేను కదల్లేదు.

అమ్మ గద్దె చివర కూర్చుంది. నేను వంటగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. ఎంత మంచి కట్టె అయినా అంటుకునేటప్పుడు కొంచెం పొగ వస్తుంది, అది అమ్మ కంట పడకూడదు. కంది పుల్లలు అంటించి, బండికర్ర ముక్కలు పెట్టి, గొట్టంతో ఊదాను. మంట తేరుకుని, పొగ పూర్తిగా పోయాక తలుపు బార్లా తెరిచాను.

"అమ్మా, సూడు" అన్నాను.

అమ్మ గద్దె మీద నుంచే తొంగిచూసింది. "ఏం కట్టెనే గది?"

"బండికర్ర. బాపు తెచ్చిండు. ఈ పక్కది నేను తెచ్చిన, దడి కట్టె."

"పొగనే లేదు గద."

"లేదు. లోపటికి రా."

అమ్మ గద్దె మీదే సర్దుకుని కూర్చుంది. "గీడ ఎండ మంచిగున్నది బిడ్డ. గీడికెళ్లి మంచిగ కనబడుతున్నవ్" అన్నది. తర్వాత దగ్గింది. నేను గబుక్కున పొయ్యి వైపు చూశాను. పొగ లేదు. మరి ఎందుకు దగ్గిందో అర్థం కాలేదు.

అత్త సర్వపిండి కలిపి ఇచ్చింది. గిన్నెకు నేనే ఒత్తాను, వేలితో బొక్కలు పెట్టి నూనె పోశాను, నిప్పులు ముందుకు లాగి గిన్నె పెట్టాను. అమ్మ తన సంచిలోంచి తన గిన్నె తీసి పక్కన పెట్టుకుంది. అత్త అందులో సర్వపిండి ముక్కలు వేసింది. అమ్మ మెల్లగా తిన్నది.

"అంచులు కరకరమంటున్నయి. నాకంటె మంచిగ కాల్చినవ్" అన్నది.

నాకు రెక్కలు వచ్చాయి. "ఇంకోటి చేస్త, తీస్కపో" అన్నాను. మళ్లీ పిండి ఒత్తి, నిప్పులు సర్ది, పొయ్యి ముందు కూర్చున్నాను. మొదటిదాని కంటే బాగా రావాలని తొందరపడలేదు. నిప్పు తగ్గితే ఎగదోశాను, ఎక్కువైతే పక్కకు లాగాను. అది ఎర్రగా కాలి గిన్నె వదిలింది. పళ్లెంలో బోర్లించుకుని బయటికి వచ్చాను.

గద్దె ఖాళీగా ఉంది. అత్త వాకిలి తలుపు పట్టుకుని సందులోకి చూస్తున్నది.

"బస్సు యాల్లయ్యిందట" అన్నది నా వైపు తిరగకుండా.

పళ్లెంతో సహా సందు చివరికి పరుగెత్తాను. రోడ్డు మీద ఎవరెవరో పోతున్నారు. అత్త వెనకే వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయింది. తలుపు సందులోంచి మొదటి పొగ కొంచెం బయటికి పోయి ఉంటుందని, అందుకే అమ్మ ఉండలేదని అనుకున్నాను. ఆ తర్వాత కూడా ఇంకా మంచి కట్టె కోసం వెతుకుతూనే ఉన్నాను. ఎండలు ముదిరే దాకా వెతికాను. వానలకు ముందు వేములఘాట్‌లో అమ్మ చనిపోయింది. బాపు ఒక్కడే పోయి వచ్చాడు. ఆ రోజు నన్ను ఒళ్లో పెట్టుకున్నది ఖాలానే. ఒక మనిషి నన్ను గట్టిగా పట్టుకుని ఎంత కాలమైందో అప్పుడు తెలిసింది.

ఇంకొన్నేళ్లకు మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చింది. కట్టెల మోపులు సందులోకి రావడం మానేశాయి. ఖాలా వాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. వేములఘాట్ ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. గడ్డివాము పక్కన ఆ గుడిసె ఎక్కడుండేదో చూద్దామన్నా చూపించేవాళ్లు లేరు, చూడడానికి జాగ లేదు.

నాకు బిడ్డ పుట్టాక, ఒకసారి అత్త మా ఇంటికి వచ్చింది. బాగా ముసలిదైంది. బిడ్డకు జలుబు చేస్తే నేను కంగారుపడుతుంటే చూసి, తనంతట తనే మొదలుపెట్టింది.

"పొగ అని చెప్పుమన్నది మీ అమ్మనే. బీమారి అంటె పోరి నన్ను చూసి భయపడ్తది, పొగ అంటె పొగకు భయపడ్తది అన్నది."

ఎన్నో ఏళ్లుగా నాలో ఉన్నది అడిగాను. "మరి ఆ పొద్దు నాకు చెప్పకుంట ఎందుకు పోయింది?"

"చెప్తె నువ్వు ఉర్కొచ్చి పట్టుకుందువు. పట్టుకుంటె ఇడిపించుకునే బలం నాకు లేదు వదినె, పిలువకు అన్నది. నువ్వు పొయ్యి దిక్కు తిరిగి కూసున్నవ్. మీ మామ బస్సు పోతది అంటనే ఉన్నడు. జరసేపు, ఇంకో జరసేపు అనుకుంట నిన్నే సూసుకుంట కూసున్నది."

ఆ రెండో సర్వపిండి కాలినంతసేపు నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పొగ వస్తుందేమోనని నిప్పుల మీద నుంచి కన్ను తీయలేదు. అమ్మ కళ్లలో నింపుకుని పోయింది నా వీపునే.

"ఏమన్నది అత్తా, పోయేటప్పుడు?"

"ఏమంటది" అని అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జడ వంకర ఏసినవ్ వదినె, అన్నది."